కాడి మీద బరువెంత?

గూడుబండి బాగుందో లేదో ఎడ్లనీ చక్రాలనీ చూసి చెప్పేవాళ్లు మగవాళ్లు. అందులో పడుకుని చూసి చెప్పేవాళ్లు ఆడవాళ్లు. శివరాత్రికి కోటప్పకొండ బయల్దేరే ఇళ్లలో ఒకప్పుడు ఈ రెండు తీర్పులూ వేరువేరుగానే ఉండేవి. చాలాసార్లు రెండోదే నెగ్గేది. ఎందుకంటే రాత్రంతా నడుం నొప్పితో మూలిగే అత్తగారిని పక్కన పెట్టుకుని ఏ మగాడూ తిరునాళ్ల సంబరం చూడలేడు మరి!

నల్లరేగడి నేలలో బండిబాట అంటే ఏమిటో ఆ తరంవాళ్లకి తెలుసు. వాన పడితే చక్రం సగం దిగబడుతుంది, ఎండితే గాడి గట్టిపడి ఇరుసు విరిగేంత కుదుపు. అందుకే తొట్టిలో మందంగా గడ్డి పరిచి, పైన బొంత, దానిమీద జంఖానా వేసేవాళ్లు. వెదురు తడిక వంచి గూడు కట్టేవాళ్లు. పిండివంటల డబ్బాలు, బియ్యం, గిన్నెలు వెనక. పసిబిడ్డ తల్లి ఉంటే ఇరుసుకి కాస్త ముందు కూర్చోబెట్టేవాళ్లు, అక్కడ ఊగుడు తక్కువని. కొండ దగ్గర ఎడ్లని విప్పి, బండికి ఊతకర్ర పెడితే ఇల్లు సిద్ధం. లోపల ముసలాళ్లూ ఆడపిల్లలూ, బండి కింద మగాళ్లూ. గూట్లోంచి తల బయటపెడితే రంగురంగుల దీపాలతో ఆకాశానికి నిలబడ్డ ప్రభలు!

ఒక్కటే చిక్కు. రాత్రి పడక వేయాలంటే పగటి సామానంతా దించాలి, తెల్లారితే మళ్లీ ఎక్కించాలి.

ఆ బండ్లలో తిరిగిన తరంవాడే నరసరావుపేట పక్క పల్లెలోని ఓ రైతు. డెబ్బై దాటాయి. పత్తీ మిరపా పండించి కొడుకుని చదివించాడు. ఆ కొడుకు అమెరికాలో, డాలస్‌లో స్థిరపడ్డాడు. అమ్మానాన్నలు వచ్చారు కదా, గ్రాండ్ కాన్యన్ చూపించాలనుకున్నాడు. దారి పదిహేను వందల కిలోమీటర్ల పైమాటే. హోటళ్లలో దిగుదామంటే తల్లికి అక్కడి తిండి పడదు. రెండు పూటలా ఇంత అన్నం, గోంగూర పచ్చడి ఉండాల్సిందే. కోడలే ఉపాయం చెప్పింది. పికప్ బండి వెనక తగిలించుకునే ట్రావెల్ ట్రెయిలర్ ఒకటి అద్దెకి తీసుకుంటే వంటిల్లూ పడకా వెంటే వస్తాయని.

చక్రాల మీద గది అనగానే పెద్దాయనకి చైతన్యరథం గుర్తొచ్చింది. 1982లో పాత షెవర్లే వ్యాన్‌ని మార్పించుకుని ఎన్టీఆర్ రాష్ట్రమంతా తిరగడం, హరికృష్ణ దాన్ని నడపడం ఆ వయసువాళ్లెవరూ మరచిపోలేదు. కానీ అది జనానికి కనిపించడం కోసం చేసిన బండి. ఇల్లాలు కోరేది జనానికి కనిపించకుండా నడుం వాల్చే చోటు.

ట్రెయిలర్లు అద్దెకిచ్చే ఆవరణలో కొడుకుకి మొదటిదే నచ్చేసింది. గోడకి పెద్ద టీవీ, మెత్తటి సోఫా, చలిమంటలా వెలిగే కరెంటు పొయ్యి! తండ్రి మాత్రం లోపలికి అడుగుపెట్టలేదు. ముందుకెళ్లి, పికప్‌కి తగిలించే ఇనుప నొగ దగ్గర వంగి చూశాడు.

‘‘కాడి మీద బరువెంత పడద్దిరా?’’

కొడుకు నవ్వబోయి ఆగిపోయాడు. అద్దెకిచ్చే మనిషి కూడా సరిగ్గా ఆ లెక్కే చెప్పడం మొదలుపెట్టాడు మరి. ట్రెయిలర్ మొత్తం బరువులో పదో వంతు నుంచి పదిహేను శాతం దాకా ఆ నొగ మీద పడాలట. అంటే 2,700 కిలోల ట్రెయిలర్‌కి 270 నుంచి 400 కిలోలు. అంతకన్నా తగ్గితే వేగం మీద తోక ఆడించినట్టు ఊగి, లాగే బండినే పక్కకి ఈడుస్తుంది. మరీ పెరిగితే పికప్ వెనక భాగం కుంగి, ముందు చక్రాలు తేలిపోతాయి. గూడుబండిలోనూ అంతేగా! వెనక బరువైతే కాడి పైకి లేచి ఎడ్ల మెడ కింది తాడు బిగుసుకుంటుంది, ముందు బరువైతే మెడలు కాయలు కాస్తాయి. పల్నాడు రైతుకి ఇది కొత్త పాఠమేమీ కాదు.

‘‘దారిలో మీరు లోపల పడుకోవడానికి వీల్లేదు అత్తయ్యా. బండి కదిలేటప్పుడు అందరం ముందు పికప్‌లోనే కూర్చోవాలి’’ అంది కోడలు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అదే చట్టం.

‘‘ఇంత మంచం ఖాళీగా మోసుకుపోవాలా?’’ ఆవిడ ఆశ్చర్యపోయింది.

పెద్దాయన మాట్లాడలేదు. ఆయన ఊరి దారుల్లో ట్రక్కు ఖాళీగా వెళ్లదు. గూడుబండి పోయి ట్రాక్టర్ వచ్చాక మనిషి కూడా మిరప బస్తాల సరసన సరుకైపోయాడు. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిరప కూలీలతో వస్తున్న ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని ఢీకొంది. కనీసం తొమ్మిది మంది పోయారు. ఆ ట్రక్కుల్లో కూర్చోవడానికి బల్లలుండవు, పట్టుకోవడానికి కడ్డీలుండవు. ఏటా కోతలకి కోసిగి, ఆదోని వైపు నుంచి పిల్లాజెల్లాతో వచ్చేవాళ్లు నెలల తరబడి చేలల్లో పట్టాల గుడారాల్లోనే కాపురం ఉంటారు. ఆయన చేలోనూ ఉన్నారు. వాళ్ల గుడారానికి తలుపు ఎటువైపు ఉంటే మంచిదని ఆయన ఎన్నడూ అడగలేదు. పల్నాట అడిగినవాళ్లు ఎంతమందో!

ఈలోగా ఇల్లాలు లోపలికెళ్లి, చెప్పులు విడిచి, మంచమెక్కి పడుకుంది. అద్దె మనిషి కంగారుపడ్డాడు. ఆవిడ పట్టించుకోలేదు. మంచం మూడు వైపులా గోడలే. మోకాళ్ల నొప్పుల మనిషి రాత్రి రెండుసార్లు లేవాలి.

‘‘ఈయన్ని దాటుకుని దిగాలా నేను? ఈ వయసులో గోడ దూకుడెందుకురా నాకు!’’

ఆయన కూడా పక్కన ఒరిగాడు. ఆరడుగుల మనిషి. తలగడ పెట్టుకుంటే పాదాలు చివరికి తగిలాయి. పేరుకి క్వీన్ సైజే కానీ, ఇంట్లో ఆ మంచం పొడవు 80 అంగుళాలైతే, ట్రెయిలర్లలో చాలావాటికి 75 అంగుళాలే వేస్తారు. చూస్తే తెలియదు, పడుకుంటేనే తెలుస్తుంది.

రెండోది ఇంకా విశాలం. మీట నొక్కితే గోడ సోఫాతో సహా బయటికి జరిగి గది వెడల్పవుతుంది. స్లైడ్ అవుట్ అంటారు. మనవడు చప్పట్లు కొట్టాడు. ‘‘దీన్ని మూసి చూపించమను’’ అంది నాయనమ్మ. మూశారు. సోఫా వచ్చి వంటగట్టుకి ఆనుకుంది, స్నానాలగదికి దారి పోయింది. పెట్రోలు బంకు దగ్గర అయిదు నిమిషాలు ఆగినప్పుడు కాలు మడుచుకోవడానికి వెళ్లాలంటే మొత్తం గోడ తెరవాల్సిందే. ఆవిడకి ఇంగ్లీషు రాదు. అయినా ఆ ఆవరణలో ఆ పూట ఆవిడ అడిగిన ప్రశ్నే అన్నిటికన్నా పనికొచ్చింది.

కుదిరింది మూడోది. చిన్నది. గోడలు జరగవు, పొయ్యి వెలగదు, టీవీ అరచేయంత. కానీ మంచానికి రెండు వైపులా దిగే చోటుంది, స్నానాలగది నాలుగడుగుల దూరంలోనే. పిల్లాడికి పై అర. భోజనాల బల్ల దించి, మెత్తలు సర్దితే రాత్రికి కొడుకూ కోడలికీ పడక. అంటే తెల్లారగానే మళ్లీ మడిచెయ్యాలి. ‘‘తిరునాళ్ల బండి బాధే ఇది కూడా’’ అన్నాడు పెద్దాయన. రోజూ ఆ మడత పెట్టేది వయసులో ఉన్నవాళ్లు కాబట్టి పర్లేదని తీర్పు చెప్పింది ఇల్లాలు. కొడుకు మొహం కాస్త చిన్నబోయింది.

బయల్దేరే రోజు బియ్యం, పప్పులు, కుక్కరు ఎక్కించారు. ఏది ఎక్కడ సర్దాలో ఎవరినీ అడగకుండా అన్నీ ఆవిడే చూసుకుంది. పచ్చడి జాడీ దగ్గర మాత్రం ఆగి మొగుడి వంక చూసింది.

‘‘ఇరుసుకి కాస్త ముందు. కింది అరలో’’ అన్నాడాయన.