కృత్తివెన్ను చెరువుగట్లమీద

చెల్లెండ్రారా! యాత్రలనగా కాశీరామేశ్వరములు మాత్రమే కావు. మన యిండ్ల మగవారు దినదినము పోయి వచ్చెడి త్రోవయు నొక యాత్రయే. ఆ త్రోవ యెట్టిదో తెలిసినగాని, వారెక్కెడి బండికి ఏమి కావలయునో మనకు బోధపడదు.

బందరునుండి, కలంకారీ యద్దకములకు పేరుగన్న పెడన మీదుగా, 216వ సంఖ్య గల జాతీయ రహదారిని పోయినచో కృత్తివెన్ను చేరుదుము. అంతవరకు ఏ బండికిని కష్టము లేదు. రహదారి విడిచి సముద్రము దిక్కునకు, ఇంతేరు వైపునకో చినగొల్లపాలెము వైపునకో తిరిగితిమా, అది వేరొక లోకము. వరిచేలు వెనుకబడును. చవిటిపర్రలును, ఆకాశము ప్రతిఫలించు రొయ్యల చెరువులును కనుచూపుమేర పరచుకొని యుండును. కొల్లేటి నీటిని సముద్రమునకు చేర్చు ఉప్పుటేరు ఈ సీమకు పొలిమేర. పోటువేళ సముద్రజలము కాలువలలోనికి ఎగదన్నుటచే ఇచ్చటి మట్టికి ఉప్పు నిత్యబంధువు.

వెనామీ రొయ్యను పెంచుటకు 2009లో మన దేశమున అనుమతి లభించిన పిదప ఇట్టి చెరువులు మిక్కిలి పెరిగినవి. తారుదారి ముగిసినచోట చెరువుగట్లే దారులగును. అర్ధరాత్రమున ఏరేటరు ఆగిన యెడల నీటిలో ప్రాణవాయువు తగ్గి రొయ్యలు చచ్చును గనుక, కాపరులు ఎంత వానలోనైనను బండిమీద పరుగెత్తవలసినదే. అందుచే 2016లో వచ్చిన హిమాలయన్, 2019లో వచ్చిన ఎక్స్‌పల్స్ వంటి ఎత్తయిన మోటారుసైకిళ్లు ఇట్టి త్రోవలకు అనువైనవి. గతుకునకు అవి జంకవు. కాని గట్టునకు రెండుప్రక్కల నీరున్నచోట బండి పోవుటకంటె ఆగుటయే ముఖ్యము.

కార్తికమాసమున సముద్రస్నానమునకై మావారితో ఆ దిక్కునకు పోయితిని. ముందటి దినము వాన కురిసియుండుటచే నల్లమట్టి గట్లు జారుచుండెను. గట్టు దిగునపుడెల్ల ముందుచక్రమున ఇసుక నమిలినట్టి చప్పుడు. ఒక కాపలాపాక కడ నిలిచితిమి. అచ్చటి యిల్లాలు మంచినీళ్లిచ్చి, బండివైపు చూచి, “మీ బ్రేకు అరుస్తోంది అమ్మగారూ, ప్యాడ్లు అయిపోయినట్టున్నాయి” అనెను. ఆమె పెనిమిటి బండికి ఒక్క వానకాలములో రెండు జతలు అరిగినవట. “చవకవి వేస్తే నెలన్నర. గట్టివి వేస్తే ఏడాది వచ్చాయి గానీ, కింద డిస్కు తినేశాయి” అని చెప్పి, కొంతసేపు ఊరకుండి, “మనిషి ఇల్లు చేరాలి గానీ, ప్యాడు ఒక్కటీ ఎన్నాళ్లుంటే ఏం లాభం?” అనెను. ఈ విషయమున నేను తరువాత తెలిసికొన్నదంతయు ఆ యొక్క మాటకు వ్యాఖ్యానమే.

డిస్కు అనగా చక్రముతో తిరుగు ఇనుపపళ్లెము. దానిని ఇరువైపుల నొక్కి పట్టునవి ప్యాడ్లు. 1902లో లాంచెస్టరను ఆంగ్లేయుడు ఇట్టి బ్రేకునకు పేటెంటు పొందెను. పెద్దయెత్తున తయారగు మోటారుసైకిలుకు ముందుచక్రమున దానిని అమర్చి 1969లో తెచ్చినది జపానుదేశపు హోండా. ప్యాడ్లలో ముఖ్యముగా రెండు తెగలు. నారలను, పొడులను జిగురుతో అదిమి చేసినవి ఆర్గానిక్ ప్యాడ్లు. ఇవి మెత్తనివి, చప్పుడు చేయవు, డిస్కును నొప్పింపవు. పొడిదారికి చాలును గాని, ఇసుక కలిసిన బురదలో సుద్దముక్కవలె అరుగును. రాగి మొదలగు లోహముల పొడిని అదిమి, మిక్కుటమైన వేడిలో ఒకటిగా అతుకుకొనునట్లు చేసినవి సింటర్డ్ ప్యాడ్లు. ఇవి తడిలోను వేడిలోను పట్టు విడువవు, బురదలో నిలుచును. అయితే వెల హెచ్చు, చప్పుడు కలదు, డిస్కును త్వరగా అరగదీయును. ఈ రెండింటి నడుమ సెమీ మెటాలిక్ అను మూడవ తెగయు నున్నది.

వానకాలమంతయు గట్లమీద తిరుగు బండికి సింటర్డ్ ప్యాడ్లే తగును. కాని ఆ బండి డిస్కు వానికి ఓర్చునదో కాదో బండితో నిచ్చిన పుస్తకమున చూచి మరీ కొనవలెను. వారమునకొకసారి మాత్రమే గట్టెక్కి, తక్కిన దినములు తారుదారిని బడికి పోయివచ్చు బండికి నడిమి తెగ చాలును. కొన్ని ప్యాడ్లమీద రెండు ఆంగ్లాక్షరములు ముద్రింపబడియుండును. మొదటిది మామూలు వేడిలోను, రెండవది మిక్కిలి కాగినపుడును గల పట్టును తెలుపును. జి కంటె హెచ్ హెచ్చు. అది పట్టునకు గుర్తే గాని మన్నికకు గుర్తు కాదు. అంగడివాడు ఆ యక్షరములు చూపి పదియేండ్ల మన్నిక చెప్పినచో నమ్మరాదు.

ఇక ఉప్పు మాట. ప్యాడు వెనుకనుండు ఇనుపరేకునకు ఉప్పుతేమచే త్రుప్పు పట్టి, పైపూత అరుగకుండగనే ఊడివచ్చుట కలదు. ప్యాడ్లను నొక్కు క్యాలిపర్ కదలు సీలలు బిగిసిపోయిన యెడల ఒక ప్యాడు నిండుగానుండగనే రెండవది రేకువరకు అరుగును. కావున సముద్రతీరమునకు పోయివచ్చిన దినముననే మంచినీటితో బురద కడుగవలెను. కడిగిన పిమ్మట బండిని మెల్లగా నడపుచు బ్రేకు నాలుగైదుసార్లు నొక్కిన తడి యారును. నూనెగాని గ్రీజుగాని ప్యాడునకు తగులరాదు. పీల్చుకొన్న ప్యాడును మార్చుటయే దిక్కు. ఆ ధూళిని నోటితో ఊదరాదు, చీపురుతో దులుపరాదు. వెనుకటి కాలపు ప్యాడ్లలో ఊపిరితిత్తులకు కీడుచేయు ఆస్బెస్టాస్ ఉండెడిది. ఇప్పటి ధూళియు పసిపిల్లలున్న యింట మంచిది కాదు, తడిగుడ్డతో తుడువవలెను.

పూత 2 మిల్లీమీటర్లకు దిగకమునుపే రెండు ప్యాడ్లను కలిపి మార్చవలెను. క్రొత్తవి వేసిన పిదప కొన్ని దినములు గట్టిగా తొక్కక, మెల్లమెల్లగా ఆపుచు డిస్కుతో పొందుపరుపవలెను. తొలిదినముననే అదరగొట్టిన ప్యాడు తుదివరకు సరిగా పట్టదు.

అధ్యాత్మరామాయణమున, యుద్ధములో దశరథుని రథపు సీల విరిగినపుడు కైకేయి ఆ రంధ్రమున తన చేతినే యుంచి పెనిమిటిని కాపాడినదని యున్నది. ఆనాడు రథము సాగవలసి యుండెను. నేడు మన రథము ఆగవలసి యున్నది. చేయి పెట్టనక్కరలేదు, కన్ను పెట్టిన చాలును. నెలకొకసారి వెలుతురున చక్రము చెంత కూర్చుండి ప్యాడు మందము చూచుట బియ్యములో రాళ్లేరుటకంటె కష్టము కాదు. వెనుక కూర్చుండునది మనము, మన యొడిలో నుండునది బిడ్డ. పోపులపెట్టెలో దాచిన సొమ్ములో కొంత ఈ చిన్నవస్తువునకు కేటాయింపుడు. మన్నిక యనగా ప్యాడు ఒక్కటి నిలుచుట కాదు. ప్యాడు, డిస్కు, బండి, దానిమీది మనుజుడు అందరును నిలుచుట.