కోతికో లెక్క... నాచుకో లెక్క!

గండికోటకి వెళ్లినవాళ్లంతా ముందు లోయ అంచుకే పరుగెడతారు. ఎర్రటి బండల మధ్య, అంత లోతున పెన్నా నది! నా చూపు మాత్రం ఎప్పుడూ రెండింటి మీదే ఉంటుంది. ఒకటి గోడ మీది కోతి, రెండోది గోడకి పట్టిన నాచు.

మొన్న వానల్లో మా అమ్మాయితో వెళ్లాను. మాధవరాయస్వామి గుడి దగ్గర ఓ తల్లికోతి పిల్లని పొట్టకి కరిపించుకుని కూర్చుంది. 'ఇవి తగ్గిపోతున్నాయి తెలుసా?' అన్నాను. 'ఎక్కడ చూసినా ఇవేగా నాన్నా!' అని నవ్వేసింది.

నెత్తిన టోపీ పెట్టినట్టు జుట్టు, పొడవాటి తోక ఉండే ఈ కోతి దక్షిణాదికే ప్రత్యేకం. పొట్టి తోక, ఎర్రటి పిరుదులుండే ఉత్తరాది కోతి ఒకప్పుడు గోదావరికి అవతలే ఉండేది. ఇప్పుడు కిందికి దిగి దీని చోటు ఆక్రమిస్తోంది. రోడ్ల పక్కన మర్రి, రావి చెట్లూ పోతున్నాయి. మైసూరు పరిసరాల్లో పాతికేళ్లలో ఇవి 60 శాతానికి పైగా తగ్గాయని 2017లో ఓ అధ్యయనం తేల్చింది. చెట్టు లేని కోతి చేలో పడుతుంది. వేరుశనగ పోగొట్టుకున్న రైతుని జాలిపడమని ఎలా అడుగుతాం?

ఇక నాచు. చెరువులో తేలేది కాదు, రాతి మీద మఖమల్‌లా పరుచుకునే బుల్లి మొక్క. వేర్లుండవు, ఆకులతోనే నీళ్లు పీల్చుకుంటుంది. ఎండకి మాడినట్టయి, నాలుగు చినుకులు పడగానే పచ్చబడుతుంది. అచ్చం మన సీమలాగే!

అంత మొండిదానికీ ఓ హద్దుంది. టిబెట్‌లో 4,000 మీటర్ల ఎత్తున పెరిగే 'టకాకియా' అనే అరుదైన నాచుది 39 కోట్ల ఏళ్ల వంశం. డైనోసార్ల కంటే పాతది. వాతావరణం వేడెక్కడంతో అది ఏటా సుమారు 1.6 శాతం తగ్గుతోందని 2023లో శాస్త్రవేత్తలు చెప్పారు.

'మరి రెండింట్లో ఏది ముందు కాపాడాలి?' అంది అమ్మాయి.

కోతి మరీ ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి దాని లెక్క మనకి పట్టదు. నాచు అసలు కంటికే ఆనదు కాబట్టి దాని లెక్కా పట్టదు. కోతికి చెట్లు నాటొచ్చు, బిస్కెట్లు వేయడం మానొచ్చు. కొండ మీది నాచుకి కంచె కట్టి లాభం లేదు, భూమి చల్లబడాలి. ఒకటి మన ఊరి పని, రెండోది లోకమంతటి పని. వంతులేసుకునేంత తీరిక మాత్రం మనకి లేదు.