గోతుల బాట

కర్ణుని రథచక్రము నేలలో గ్రుంగిన ఘట్టమును మా తండ్రిగారు నాచే చదివించునాటికి నాకు పదియేండ్లు. అంతటి వీరుడు విల్లు విడిచి, రథము దిగి, చక్రము నెత్తుచు నిలుచుటయేమని నేను నవ్వితిని. ఇప్పుడు నవ్వను. మా యూరి బాటపై కారు నడపుట మొదలిడిన పిమ్మట, చక్రమొకటి గోతిలో బడినచో మనస్సు తక్కిన లోకమునంతయు మరచి యా చక్రమునందే చిక్కుకొనుననుట నాకు అనుభవమునకు వచ్చినది. ఆ యనుభవమునే మీతో చెప్పుకొనగోరుచున్నాను. ఇందు నా తప్పొకటి కలదు, దానిని దాచను.

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో, చేపల చెరువుల నడుమనున్న గ్రామము. మా యత్తగారికి మూత్రపిండములు చెడినవి. వారమునకు రెండు తడవలు భీమవరము గొనిపోయి డయాలిసిస్ చేయింపవలెను. మొదట ఆటోలో పోవుచుంటిమి. ఆ కుదుపులకు తిరుగు ప్రయాణమున వారు సొమ్మసిల్లి నా యొడిలో వ్రాలిపోవుచుండిరి. చూడలేక 2023 వేసవిలో మావారు దాచుకొన్న సొమ్మునకు కొంత యప్పు చేర్చి, చేయిమారిన చిన్నకారు నొకదానిని కొనిరి. ఆ వేళలందు వారు బడిలో నుందురు కావున నడపుట నేనే నేర్చుకొంటిని. లైసెన్సు చేతికి వచ్చిననాడు మా యత్తగారు నా నుదుట బొట్టుపెట్టి, "ఇక నువ్వే నా సారథివి అమ్మాయీ" అనిరి.

కారు వచ్చినది గాని బాట మారలేదు. మాది నల్లరేగడి నేల. తడిసిన నుబ్బును, ఎండిన బీటలు వారును. అడుగునేల యిట్లు కదలుచుండ, పైనున్న తారు పగులును. ఆ పగులులోనికి వాననీరు దిగి కంకరపొరను మెత్తబరచును. దానిపై చేపల లారీ, ఐసు లారీ, మేత లారీ యొకదానివెంట నొకటి సాగును. ప్రతిచక్రమును ఆ మెత్తని చోటును నొక్కి, నీటితోగూడ సన్నని మన్నును వెలికి చిమ్మును. అడుగు డొల్లయైన తారుపెళ్ల విరిగిపోవును. నేడు అరచేయంత గుంట వారము తిరుగునప్పటికి చాటంత యగును. రెండువైపుల చెరువులనీరు బాట యంచులను సదా నానబెట్టుచుండుట మరియొక కీడు.

2024 వానలలో నొకనాడు నీరునిండిన గోయి నాకు చదునైన నేలవలె కనబడెను. ధడాలున చక్రము దిగినది, స్టీరింగు చేతులలో నెగిరిపడినది, వెనుకసీటున మా యత్తగారు "రామా!" యనిరి. మరునాడు మెకానిక్కు టైరు ప్రక్కభాగమున నిమ్మకాయంత బుడిపెను చూపెను. "లోపలి దారాలు తెగిపోయాయండి అమ్మగారూ. దీనికి అతుకు లేదు. ఎక్కడో ఒకచోట పేలుతుంది" అనెను. రిమ్మంచు వంగినది. చక్రముల వరుస తప్పి బండి యెడమకు లాగుచుండెను. అట్లే నడపినచో తక్కిన టైర్లు నొకవైపే యరుగునట. టైరునకు 4,200 రూపాయలు, రిమ్మునకు 700, అలైన్‌మెంటునకు 500. వెరసి 5,400 రూపాయలు. ఆ నెల మందుల ఖర్చు నుండియే యది తీయవలసివచ్చినది.

బీమా కలదు గదా యని పాలసీకాగితము తీసి చదివితిని. టైరు మాత్రమే చెడినచో నేమియు రాదు. అదే దెబ్బకు బండికిని నష్టము కలిగినపుడే, అదియు క్రొత్తటైరు వెలలో సగమే యిత్తురు. మావంటి చిన్నకారులకు ప్రతి నష్టమునందును మొదటి వేయి రూపాయలు మనమే భరింపవలెను. ఒకసారి సొమ్ము కోరితిమా, ఏటేట 20 నుండి 50 శాతము వరకు పెరుగుచు వచ్చు బోనసు తగ్గింపు పోవును. అడుగు రాతికి తగిలి ఆయిలు కారిపోవుచుండగా తెలియక నడపి, ఇంజను కాలినచో, అది మన యజాగ్రత్తక్రింద కట్టి సామాన్యముగ త్రోసివేయుదురు.

అది మొదలు నాకు నిద్రపట్టలేదు. కన్నుమూసిన కారు కడుపు రాతికి రాచుకొను చప్పుడే వినబడును. మావారి పాతనోటుబుక్కులో బాట పటము గీసి గోతులన్నింటికి నంకెలు వేసితిని. నలువదియొకటి తేలినవి. దేనిని కుడినుండి తప్పింపవలెనో, దేనిని ఎడమనుండి తప్పింపవలెనో కంఠస్థము చేసితిని. చిన్ననాట పద్యములు వల్లించిన నోరు గోతుల వరుస వల్లింపసాగినది. ఇది నేర్పరితనమని లోలోన గర్వించితిని కూడ.

నవంబరులో నొకయుదయము ఎనిమిదిన్నర వేళ మేము భీమవరము పోవుచుంటిమి. వంతెన దాటినంతనే బాట నడుమ ఇరువదిమూడవ గోయి వచ్చును. దాని యంచున ఇనుప ఊచవలె నొక రాయి నిక్కియుండును. నా చూపంతయు దానిమీదనే. అలవాటు చొప్పున చటుక్కున నెడమకు కోసితిని. ఆ యెడమ యంచుననే బడికి పోవుచున్న పిల్లయొకతె సైకిలుపై నున్నదని నేను చూడనేలేదు. కారు తాకలేదు. కాని యామె బెదరి సైకిలును గట్టువైపు త్రిప్పి పడిపోయెను. మరి రెండడుగులు జారిన చెరువు.

నేను దిగితిని. దిగినంతనే, వ్రాయుటకు చేయి వెనుకాడుచున్నది, నా కన్నులు ముందు చక్రమువైపు పోయినవి. అది గోతికి జానెడు దూరమున క్షేమముగ నుండెను. ఆ పిమ్మట గదా నా కాళ్లు పిల్లవైపు కదలినవి!

మోకాలు చీరుకొని రక్తము కారుచుండగా ఆ పిల్ల లేచి, తడిసిన పుస్తకములను లంగాతో తుడుచుచు, "పర్లేదండి. నేనే అడ్డం వచ్చానండి" అనెను. మావారి యెనిమిదవ తరగతి విద్యార్థిని. దారిలోని ఆరోగ్యకేంద్రమున కట్టుకట్టించి యింట దిగవిడిచి, ఆమె తల్లికి జరిగినది చెప్పి, తప్పు నాదేయని యొప్పుకొంటిని. ఆమె నన్నొక్క మాట యనలేదు. అనియుండిన బాగుండెడిది.

మా యత్తగారు భీమవరము వరకు పలుకలేదు. ఆసుపత్రి మంచముపై రక్తము యంత్రములోనికి పోయి వచ్చుచుండగా నన్ను దగ్గరకు పిలిచి, "నేనెన్నాళ్లుంటానో నాకు తెలియదు అమ్మాయీ. నన్ను బతికించడానికి ఆ పిల్లని పడగొట్టకు" అనిరి. అంతకుమించి యనలేదు. నాటినుండి నేను పటము చూచుట మానితిని.

ఆ రాత్రి మావారు నా దుఃఖము విని హైదరాబాదున గంగాధర తిలక్‌గారను విశ్రాంత రైల్వే ఇంజనీరును గూర్చి చెప్పిరి. 2010 ప్రాంతమున వారి కారు గోతిలో దిగి బడిపిల్లలపై బురద చిమ్మినదట. ఆనాడు కలిగిన సిగ్గుతో మన్ను కొనివచ్చి ఆ గోతులను పూడ్చిరట. పిమ్మట అదే పనిగా బెట్టుకొని, భార్య వెంకటేశ్వరిగారు తోడు నిలువ, తమ పింఛను సొమ్ముతో రోడ్ల గోతులు పూడ్చుచు వచ్చినట్లు 2021లో పత్రికలు విరివిగ వ్రాసినవి. నాకు రామాయణము జ్ఞప్తికి వచ్చినది. అన్నను తోడితెచ్చుటకు భరతుడు బయలుదేరినపుడు, ముందు నడచిన పనివారు మిట్టలు చెక్కి, గోతులను మన్నుతో పూడ్చి బాట సమము చేసిరని అయోధ్యాకాండమున కలదు. దానిని పలుమార్లు పారాయణము చేసిన నేను గోతులకు నంకెలు వేసితినేగాని తట్టెడు మన్ను వేయలేదు.

ఒక యాదివారము మేమైదుగురు స్త్రీలము పారలు పట్టుకొని బయలుదేరితిమి. అడుగున పెద్ద యిటుకముక్కలు, వానిపై కంకర, ఆపై గ్రావెలు వేసి దిమ్మిసతో గట్టిగ కొట్టి, బాటకంటె నించుక యెత్తుగ నుంచితిమి. ఇరువదిమూడవదియు, మరి రెండును పూడినవి. ఇది శాశ్వతమని భ్రమ లేదు. నీరు నిలిచినచో మరల లేచిపోవును. అందుచేత సంబంధించిన కార్యాలయమునకు ఫొటోలతో, అరువదియొక్క మంది స్త్రీల సంతకములతో నర్జీ పంపితిమి. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టమున 198-ఏ యను సెక్షను కలదు. రోడ్డు వేయువారు, నిర్వహించువారు ప్రమాణములు పాటింపనందున మరణముగాని, అంగవైకల్యముగాని కలిగినచో లక్షరూపాయల వరకు దండుగ విధింపవచ్చును. ఒక పిల్ల మోకాలు చీరుకొన్నంతమాత్రమున నది కదలదు. అంతవరకు రానీయకుడనియే మా యర్జీ సారాంశము. ప్రతిపాదనలో నున్నదని జవాబు వచ్చినది. మరల వ్రాసినాము.

కారు నడపు సోదరీమణులకు నేను నేర్చిన నాలుగు మాటలు చెప్పి ముగించెదను. గోయి తప్పింపవలెనని చటుక్కున కోయకుడు. ముందు వెనుక చూచి, ఎవరును లేనపుడే తొలగుడు. లేనిచో నెమ్మదిగ గోతిలోనే దింపుడు. బ్రేకు గోతికి ముందే వేసి, చక్రము దిగువేళ విడువుడు. బ్రేకు పట్టియుండగా దిగినచో ముందరి స్ప్రింగులు నొక్కుకొనియుండి దెబ్బ యెక్కువగును. లారీకి దూరముగ నుండుడు. దాని వెనుకనున్నచో గోయి కనబడదు. గాలి తలుపు ప్రక్కన వ్రాసియున్న లెక్కకు తగ్గనీయకుడు. గట్టిదెబ్బ తగిలినచో ఆగి టైర్ల ప్రక్కలును, బండిక్రింద ఆయిలు కారుచున్నదేమోయు చూడుడు. ఎదుట నెఱ్ఱని ఆయిలుదీపము వెలిగినచో ఇంజను తక్షణము కట్టివేయుడు. కాని అన్నిటికంటె ముందు మనుష్యులను చూడుడు.

ఇప్పుడును ఆ పిల్ల యెదురగుచునే యున్నది. ఆమె పోవువరకు నేను బండి నిలుపుదును. నిన్న మరియొక గోతిలో కారు కడుపు రాతికి రాచుకొన్నది. ఆ చప్పుడునకు నా గుండె మునుపటివలెనే యదరినది. వెనుకనుండి మా యత్తగారు, "పోనీలే అమ్మాయీ, ఇనుమేగా" అనిరి.