శివారు పొలానికి నీళ్ళెందుకు రాలేదు? (కంప్యూటర్ కబుర్లు – 7)



పోయిన భాగం చదివి గుడివాడ నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, జెంటూలో ప్యాకేజీ కంపైల్ మధ్యలో ఆగిపోతోంది. ఇది మనలాంటోళ్ళ వల్ల అయ్యే పనేనా?"

అవుతుంది తమ్ముడూ. ముందు ఆ 'మనలాంటోళ్ళు' అనే మాట తీసెయ్.

ఉబుంటులో వండిన అన్నం విస్తట్లోకి వస్తుంది. జెంటూలో బియ్యం ఇస్తారు, మన పొయ్యి మీద మనమే వండుకోవాలి. సోర్స్ కోడ్ తెచ్చి మన మిషన్ మీదే కంపైల్ చేస్తుంది పోర్టేజ్. ఆగినప్పుడు తెర మీద చివర కనపడే ఎర్ర అక్షరాలు చూసి బెదిరిపోతాం. అక్కడ ఉండేది 'ఆగిపోయింది' అన్న కబురే. కారణం అక్కడ ఉండదు.

దివిసీమలో శివారు మడి ఎండితే రైతు ఆ మడిలోనే నిలబడి ఏం తెలుసుకుంటాడు? కాలవ గట్టెక్కి పైకి నడుస్తాడు. గుర్రపుడెక్క ఎక్కడ అడ్డం పడింది, ఏ లాకు దించారు, ఎవరు మళ్ళించుకున్నారు చూస్తాడు. బిల్డ్ లాగ్ కూడా అంతే. కింద నుంచి పైకి వెళ్ళు. వార్నింగులు వదిలెయ్. 'ఎర్రర్' అని మొదట ఎక్కడ వచ్చిందో అక్కడ ఆగు. నాలుగు జాబ్‌లు ఒకేసారి నడిస్తే లైన్లు కలగాపులగం అవుతాయి. ఒక్క జాబ్‌తో మళ్ళీ నడిపిస్తే వరస తెలుస్తుంది.

ఎర్రర్ లేకుండా 'కిల్డ్' అని ఉంటే చాలాసార్లు మెమరీ చాలలేదని అర్థం. జాబ్‌కి సుమారు 2 జీబీ ర్యామ్ లెక్క వేసుకో. 4 జీబీ సెకండ్‌హ్యాండ్ మిషన్ అయితే రెండు జాబ్‌లు మించొద్దు. మిషన్‌ని తిట్టక్కర్లేదు, దాని మోతకు తగ్గ బరువు పెడితే చాలు.

ఇంకో ముడి ఉంది. తెలుగు వత్తుల్ని సరైన చోట కూర్చోబెట్టేది హార్ఫ్‌బజ్. అది కట్టాలంటే ఫ్రీటైప్ కావాలంటుంది. ఫ్రీటైప్ ఏమో హార్ఫ్‌బజ్ కావాలంటుంది. అనుభవం ఉంటేనే ఉద్యోగం, ఉద్యోగం ఉంటేనే అనుభవం అన్నట్టు! జెంటూ వాళ్ళకి బాగా తెలిసిన చిక్కు ఇది. యూజ్ ఫ్లాగ్‌లో హార్ఫ్‌బజ్ తీసేసి ముందు ఫ్రీటైప్ కడతారు, తర్వాత హార్ఫ్‌బజ్, ఆ తర్వాత అన్నీ పెట్టి మళ్ళీ ఫ్రీటైప్. మొదటిసారి షరతు సడలించారని చివరికి వచ్చిన ఫ్రీటైప్‌కి ఏ లోటూ ఉండదు. రిజర్వేషన్ అనగానే మెరిట్ అని గొంతు చించుకునే మిత్రులు ఈ పేరా రెండుసార్లు చదవండి.

నేను పని నేర్చుకునే రోజుల్లో లాగ్ చూపించమంటే "నీకు అర్థం కాదులే" అని స్క్రీన్ తిప్పేసిన సీనియర్లున్నారు. వాళ్ళ దగ్గర రహస్యం ఏమీ లేదు. లాగ్ ఇంటిపేరు అడగదు, చదివినవాడికల్లా అదే మాట చెబుతుంది. అందుకే మన పేటల్లో పిల్లలకి ముందు లాగ్ చదవడం నేర్పండి.

తమ్ముడూ, స్క్రీన్ ఫోటో వద్దు, లాగ్ మొత్తం పంపు. కలిసి చూద్దాం.

(ఇంకా ఉంది)