పోచారం గట్టున

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి మీదుగా మేము పోచారం జలాశయం చేరేసరికి అస్ర్ వేళయింది. నిజాం కాలంలో, 1922లో పూర్తయిన ఆనకట్ట అది. నమాజు ముగించి గట్టెక్కితే, గాలాలు వేస్తున్న సోదరులిద్దరు కనిపించారు. ఒకరిది తవుడు, పల్లిచెక్క, మెంతిపొడి కలిపిన పిండిముద్ద. ఆ వాసనకు రవ్వలు వస్తాయి. రెండవవారి డబ్బాలో బతికున్న కప్పలు. కొర్రమీను పిండిని ముట్టదు, కదిలే ప్రాణినే వేటాడుతుంది. దాని ధరతోనే ఆయన ఇల్లు గడుస్తోంది.

గాలానికి గుచ్చిన కప్ప కాళ్లు కొట్టుకోవడం చూసి మా చిన్నమ్మాయి అడిగింది: "అబ్బా, చేప హలాలే. మరి కప్ప చేసిన తప్పేమిటి?"

నీటి వేటను అల్లాహ్ మనకు ధర్మసమ్మతం చేశాడు (ఖుర్ఆన్ 5:96). అయితే మందుకోసం కప్పను వాడదలచిన వైద్యుణ్ణి సయితం, దాన్ని చంపవద్దని దైవప్రవక్త (స) వారించారు (అబూ దావూద్).

కొర్రమీను కదలికను చూసి ఎగబడుతుంది గనుక, నీటిపై లాగే రబ్బరు కప్పకూ చిక్కుతుందని మేము ఆ సోదరునికి చెప్పాము. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "కామారెడ్డి వెళ్లినప్పుడు అడిగి చూస్తాను, ఇన్‌షా అల్లాహ్" అన్నారు. మగ్రిబ్ అజాన్ వినిపించింది. డబ్బా మూత తీసి, మిగిలిన కప్పలను ఒడ్డున వదిలారు.