కొండ మీద ఏడు ఇళ్లు

ఇండోనేషియా అనగానే మనవాళ్లకు బాలీ ద్వీపమో, బొరొబుదూరు స్తూపమో గుర్తుకు వస్తాయి. బాలీకి తూర్పున ఇంకా చాలా ద్వీపాలున్నాయి. వాటిలో ఒకటి ఫ్లోరెస్. పోర్చుగీసు వాళ్లు పెట్టిన పేరది, పువ్వులని అర్థం. పేరుకు పువ్వులే గాని, చూడబోతే అంతా కొండలూ, అగ్నిపర్వతాలూను. ద్వీపం పడమటి భాగంలో మంగరాయి జాతి వారుంటారు. వారి కొండల నడుమ, సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైన, ఏడంటే ఏడే పెద్ద ఇళ్లున్న ఊరొకటి ఉంది. పేరు వాయె రెబో. 2019 ఆగస్టులో మావారూ నేనూ ఆ ఊరు చూచి వచ్చాము.

కొమొడో ద్వీపపు రాక్షసి ఉడుములను చూడబోయే వాళ్లందరూ దిగే లబువాన్ బాజో రేవులోనే మేమూ దిగి, అక్కడి నుంచి కారులో దాదాపు పగలంతా ప్రయాణం చేసి దెంగె అనే పల్లె చేరాము. రాత్రి అక్కడ పడుకుని తెల్లవారి బయలుదేరాము. కొంత దూరం మోటారు సైకిళ్ల మీద తీసుకుపోయారు. ఆపైన అడవిలో కాలిబాటే. "తిరుపతి మెట్లన్నీ ఎక్కిన వాణ్ణి, ఇదెంత!" అని బయలుదేరిన మావారు రెండో మలుపులోనే ఒక బండమీద కూలబడ్డారు. మేమలా ఆయాసపడుతూ ఉండగానే నెత్తిన బియ్యం మూటతో ఒకామె మమ్మల్ని దాటి, చిరునవ్వు నవ్వి వెళ్లిపోయింది. ఆ ఊరి పంట కాఫీ. కాఫీ గింజలు కిందికి దిగాలి, బియ్యం పైకెక్కాలి. ఉప్పూ, నూనే, సబ్బూ అన్నీ ఈ బాట మీద మనుషులు మోయవలసిందే.

మూడు గంటలు ఎక్కాక అడవి అంచున ఒక చిన్న పాక వచ్చింది. మా వెంట వచ్చిన కుర్రవాడు అక్కడ వేలాడుతున్న వెదురు బొంగును టకటకమని కొట్టాడు. అతిథులు వస్తున్నారని ఊరికి కబురన్నమాట. కింద మంచు విడిపోయింది. పచ్చిక మధ్య ఏడు గడ్డివాములు వంపుగా వరసదీరి ఉన్నాయి. వాటి మొగలోంచి పొగ లేస్తున్నది. అవే ఇళ్లు!

ముందుగా పెద్దింటికి వెళ్లాలి. అక్కడ ఊరి పెద్ద తమ పితృదేవతలకు మేము వచ్చిన సంగతి విన్నవించి, మమ్మల్ని కాపాడమని వేడుకొంటాడు. అది జరిగే దాకా ఫొటోలు తీయకూడదు. మతానికి వీరు కాథలిక్కులు. అయినా పితృదేవతలను విడవలేదు. ఇళ్లు చుట్టుకొని ఉన్న రాతి అరుగు వారికి పూజాస్థలం. మూలపురుషుడు మారో అనే ఆయన ఎక్కడో సుమత్రా దీవిలోని మినాంగ్‌కబావు నుంచి వచ్చాడని చెప్పుకుంటారు. ఆయనకు పునుగుపిల్లితో ఏదో బంధుత్వమట. అందుకని ఈ ఊళ్లో పునుగుపిల్లి మాంసం ముట్టరు. అదే దేశంలో మరోచోట పునుగుపిల్లి చేత కాఫీపళ్లు తినిపించి, దాని పేడలోంచి ఏరిన గింజలను వేలకువేలు పెట్టి అమ్ముతారు. ఎవరి ఆచారం వారిది!

ఇక ఇల్లు. దాని పేరు మ్బారు నియంగ్. మన విశాఖ, శ్రీకాకుళం తీరాన తాటాకు చుట్టిళ్లు చూచినవారికి రూపం కొంత ఊహకందుతుంది. ఆ చుట్టింటిని అయిదారు రెట్లు పెంచి, గోడలు తీసివేసి, కప్పును నేలదాకా దించితే ఇదవుతుంది. ఒక్క మేకు లేదు. దూలాలను గాడిలో దిగవేసి, పేము తీగతో బిగించి కట్టారు. పైన తాటిజాతి చెట్టు నార, కొండగడ్డి. లోపల అయిదంతస్తులు. అడుగున కాపురం. దానిపైన అటక, తిండిగింజలకూ సామానుకూ. మూడోది విత్తనాలకు. నాలుగోది కరవు వస్తే తినడానికి దాచే గింజలకు. అన్నిటికన్న పైన పితృదేవతల నైవేద్యానికి. ఆ వరస చూస్తే నాకు ముచ్చటేసింది. ఎంత ఆకలైనా విత్తనాల మీద చెయ్యి పడకుండా నిచ్చెన అడ్డం పెట్టుకున్నారు.

పెద్దింట్లో ఎనిమిది కుటుంబాలు, తక్కిన ఇళ్లలో ఆరేసి. వెనక సగంలో ఒక్కొక్కరికి ఒక చిన్న గది, ముందు సగం అందరిదీ, నడుమ పొయ్యి. నలుగురు తోడికోడళ్లున్న ఇంట్లో మెలిగిన దాన్ని గనుక, ఆరు కాపురాలకు ఒక్కచోట వంటంటే నమ్మలేకపోయాను. కాసేపు ఆ పొయ్యి దగ్గరే కూచున్నాను. ఒకామె కూరాకు తరుగుతున్నది, ఒకామె బియ్యం ఏరుతున్నది, ముసలావిడ మంట ఎగదోస్తున్నది. తగవులు లేవంటే నేను నమ్మను. మా ముందు మాత్రం పడలేదు. పొగకు కళ్లు మండి నేను ఇవతలికి వచ్చి, "పొగ పోవడానికి దారి పెట్టుకోరాదా?" అని అడిగించాను. ఊరి పెద్ద నవ్వి ఏదో అన్నాడు. మా కుర్రవాడు తెలిగించాడు: "పొయ్యి వెలిగినన్నాళ్లే కప్పు ఉంటుందమ్మా."

మాట నిజమే. ఆ పొగే దూలాలకు పురుగు పట్టకుండా, గడ్డి చివకకుండా కాపాడేది. మనుషులు లేని ఇల్లు అక్కడ త్వరగా కూలిపోతుంది. కూలిపోయాయి కూడా. 2008లో జకర్తా నుంచి యోరి అంతార్ అనే వాస్తుశిల్పీ, ఆయన మిత్రులూ వచ్చి చూచేసరికి ఏడింటిలో నిలిచినవి నాలుగే. వాటిలోనూ కొన్ని పాడుపడి ఉన్నవి. పట్నపు శిల్పులు కాగితం మీద గీసుకొచ్చి తామే కట్టించి ఉంటే ఊరికి ఇళ్లు దక్కేవి గాని విద్య దక్కేది కాదు. వారా పని చేయలేదు. పాత ఇల్లు విప్పించి, ఏ దూలం ఎక్కడిదో, ఏ కట్టు ఎలాంటిదో రాసుకున్నారు. కట్టడం ఊరివారి చేతనే కట్టించారు. ముసలివాళ్లు చెప్పారు, కుర్రవాళ్లు చేశారు. 2011 నాటికి ఏడిళ్లూ లేచాయి. మరుసటి ఏడు యునెస్కో వారి ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో అగ్రస్థానం వీటికే దక్కింది. అప్పటినుంచి మాబోటి వాళ్ల రాక ఎక్కువైంది. ఒక ఇల్లు అతిథులకే కేటాయించారు. అందులోనే గుండ్రంగా పరచిన చాపల మీద పడుకున్నాము. రాత్రి అన్నం, గుడ్డు, కూరాకు, మిరపపచ్చడి. చలికి ఆ పచ్చడే దిక్కయింది.

మరి పిల్లలేరీ? చంటివాళ్లు ఉన్నారు, బడి ఈడు వాళ్లు కనబడలేదు. బడి కొండ కింద కొంబో అనే జంటపల్లెలో ఉంది. ఊరు ఇరుకై కొందరు అక్కడికి దిగి కాపురాలు పెట్టారు. బడి ఈడు పిల్లలు వారమంతా అక్కడే ఉండి, సెలవులకు ఇక్కడికి వస్తారు. చదువు మాన్పించమనడానికి మనమెవరం? కాని ఆరేళ్ల పిల్లవాడు కిందికి దిగితే, వాడికి పేము కట్టు వేయడం ఎవరు నేర్పుతారు? నేను ఈ మాటే అడిగితే ఊరి పెద్ద వెంటనే జవాబు చెప్పలేదు. బయట ఎండబోసిన కాఫీ గింజలను కాలితో తిరగేస్తూ, "నవంబరులో పెంతి పండుగకు అందరూ వస్తారు," అన్నాడు. అది వారికి కొత్త సంవత్సరం.

మర్నాడు శనివారం. మేము దిగుతూ ఉంటే వాగు దగ్గర నలుగురు పిల్లలు ఎదురయ్యారు. తెల్ల చొక్కా, ఎర్ర నిక్కరు. ఇండోనేషియాలో చిన్న బడి పిల్లలందరికీ ఇదే దుస్తులు. చెప్పులు చేతిలో పట్టుకొని ఎక్కుతున్నారు. మా కుర్రవాడు ఒకణ్ణి ఆపి, పెద్దయ్యాక ఏమవుతావని అడిగాడు. వాడు మావారి కర్ర కేసి ఒకసారి చూచి, తనకు తెలియదన్నాడు. తక్కినవాళ్లు ముందుకు పోతున్నారని మళ్లీ పరుగెత్తాడు.