నీళ్ళు మోసుకుని ఎక్కాల్సిన కొండలు

చలికాలం మొదలైంది కదా, కొండలెక్కాలని మీకూ మనసవుతుంటుంది. బెంగళూరు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే రెండు మూడు గంటల్లో పెనుకొండ, ఇంకా పైకి వస్తే అనంతపురం దాటాక గుత్తి. తప్పకుండా రండి. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడాక విజయనగర ప్రభువులు రాజధాని మార్చుకున్నది పెనుకొండకే. ఆ చరిత్రను కాలినడకన చూస్తే కలిగే ఆనందం వేరు.

అయితే బయలుదేరే ముందు గుత్తి కోట కథ ఒకటి వినిపోండి. మురారిరావు ఘోర్పడే ఆ కోటకు దొర. నిట్టనిలువు బండ మీద, గోడ వెంట గోడ కట్టిన కోట అది. 1776లో హైదరాలీ ముట్టడించి కూర్చున్నాడు. పైన బావులున్నాయి, కోనేర్లున్నాయి, గోడలు గట్టిగానే ఉన్నాయి. నీళ్ళు మాత్రం అడుగంటాయి. మురారిరావు లొంగిపోక తప్పలేదు. యుద్ధాల్లో ఆరితేరిన మనిషిని దించింది ఫిరంగి కాదండీ, దాహం.

ఆ కొండ ఈనాటికీ అదే కొండ. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకోవడంతో అనంతపురం ప్రాంతానికి ఏడాదికి దక్కే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. దారిలో ఊట ఉండదు, నీడనిచ్చే చెట్టూ అరుదు. పొడిగాలికి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీరు ఎంత పోయిందో తెలియదు. పదకొండు దాటితే నల్లబండ పెనంలా కాలుతుంది. పొద్దు వాలినా ఆ వేడి వెంటనే దిగదు.

అందుకే మనిషికి మూడు లీటర్ల నీళ్ళు తక్కువ కాకుండా పెట్టుకోండి. ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్‌ఎస్ పొట్లాలు, గుప్పెడు చెనిక్కాయలు, బెల్లం ఉంటే మరీ మంచిది. కోనేటి నీళ్ళు పచ్చగా కనిపిస్తాయి, తాగొద్దు. తెల్లవారి వెలుతురు వచ్చాక నడక మొదలుపెట్టి, ఎండ ముదరకముందే కిందికి వచ్చేయండి. మార్చి నుంచి జూన్ దాకా అసలు పెట్టుకోవద్దు.

తోడొచ్చిన మనిషి మాట తడబడినా, తికమకగా ప్రవర్తించినా అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ తప్పిన మనిషి నోట్లో నీళ్ళు పోయకండి.

ఇక గుండ్ల సందుల్లో ఎలుగుబంట్లు ఉంటాయి. తెల్లవారుజామున, చీకటి పడే వేళ అవి మేతకు తిరుగుతాయి. ఆ వేళల్లో గుహల దగ్గరికి పోవద్దు. చూడకుండా రాతి సందులో చెయ్యి పెట్టొద్దు, పింజర ఉండొచ్చు. కోటగోడలకు తేనెపట్టు కనిపిస్తే అక్కడ పొగ పెట్టకండి, కేకలు వేయకండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఉరుము వినిపించిందా, బోడిబండ మీద నిలబడకుండా దిగండి. వాన పడ్డాక పాచిపట్టిన మెట్లు మరీ ప్రమాదం. దిగేటప్పుడే కాళ్ళు అలిసి తడబడతాయి, అక్కడ తొందర పనికిరాదు.

ఒంటరిగా పోవద్దు. కింద టీ కొట్టులోనో, గొర్రెలు తోలుకుపోయే అన్నతోనో "ఈ దారిన పైకి పోతున్నాం, పది గంటలకల్లా దిగుతాం" అని చెప్పిపోండి. ఏ బాట తెగిపోయింది, చిరుత ఎక్కడ కనిపించింది, వాళ్ళకు తెలిసినంత ఏ ఫోన్‌కీ తెలియదు.

చివరగా ఒక్క నియమం గట్టిగా పట్టుకోండి. తెచ్చుకున్న నీళ్ళలో సగం అయిపోతే, శిఖరం ఎంత దగ్గరున్నా సరే, వెనక్కి తిరగండి.